కుంభకోణం ఫిల్టరు

కాఫీ బాగుంటే ఆ ఘనత గింజది, పాలది, నీళ్లది. బాగులేకపోతే ఆ నేరం మాత్రం ఇంటి ఇల్లాలిది. ఇది నేను చేసిన సిద్ధాంతం కాదు. మా యింట్లో పన్నెండేళ్లపాటు అమలులో వున్న చట్టం.

నాన్న పోయాక అమ్మ పల్లెటూరు విడిచి తెనాలిలో మా దగ్గరికి వచ్చింది. వచ్చిన మర్నాటి ఉదయమే మా ఆవిడ అందించిన గ్లాసులోంచి ఒక గుటక వేసి, గ్లాసు కింద పెట్టి, “నీళ్లలా వుందమ్మాయ్” అంది. అంతే. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. అయినా ఆ మాట అక్కడితో ఆగలేదు. ప్రతి ఉదయం ఆరున్నరకు గుడిగంటలాగా వినపడేది. మా ఆవిడ జవాబు చెప్పేది కాదు. వంటింట్లో గిన్నెలు చెప్పేవి. నేను పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కాలేజీలో అరవైమంది కుర్రవాళ్లకు ప్రబంధ నాయికల అలకలు వర్ణించి చెప్పగలను గాని, ఈ తగవులో ఒక్క ముక్క తీర్పు చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

చేయవలసినవన్నీ చేశాం. పొడి కొట్లు నాలుగు మార్చాం. పాకెట్టు పాలు మాని గేదెపాలు పోయించుకున్నాం. కుళాయి నీళ్లు మాని క్యాను నీళ్లు కాచాం. పొడి ఒక చెంచా ఎక్కువ వేస్తే చేదెక్కింది గాని చిక్కబడలేదు. ఇన్నిటినీ అనుమానించాం గాని, గట్టుమీద చింతపండుతో తోమించుకుని బంగారంలా మెరిసిపోతూ కూర్చున్న ఇత్తడి ఫిల్టరును మాత్రం ఎవరమూ అనుమానించలేదు. ఎలా అనుమానిస్తాం? అది 1980లో కుంభకోణం మహామహానికి వెళ్లినప్పుడు నాన్న కొని తెచ్చినది. పన్నెండేళ్లకొకసారి వచ్చే ఆ పుణ్యస్నానానికి అమ్మా నాన్నా కొత్త దంపతులుగా వెళ్లారు. తీర్థం ఒక చిన్న చెంబులో వచ్చింది, ఫిల్టరు పెద్ద గుడ్డ మూటలో వచ్చింది. తీర్థం ఆనాడే అయిపోయింది. ఫిల్టరు మాత్రం మా తాతగారింట్లో పదకొండుమందికి పొద్దుటిపూట ప్రాణం పోస్తూ వచ్చింది.

పోయిన డిసెంబరులో నాకు తంజావూరు వెళ్లే పని పడింది. అక్కడి సరస్వతీ మహలు గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. నాయక రాజుల కాలంలో పుట్టి, ఆ తరువాత మరాఠా ప్రభువు శరభోజి చేతిమీదుగా పెరిగిన భాండాగారమది. తెలుగుదేశానికి అంత దూరాన, కావేరి ఒడ్డున, రఘునాథ నాయకుడూ విజయరాఘవ నాయకుడూ తెలుగులో కావ్యాలూ యక్షగానాలూ రాసుకున్నారంటే తెలుగు చదువుకున్నవాడికి ఒళ్లు పులకరించక మానదు. పాపం, వాళ్లకు కాఫీ లేదు. అది లేకుండా అన్ని కావ్యాలు ఎలా రాశారో నాకు బోధపడని విషయం.

నేను ప్రయాణం మాట ఎత్తగానే అమ్మ లేచి వెళ్లి, ఆ ఫిల్టరును పాత తువాలులో చుట్టి నా సంచిలో పెట్టింది.

“ఒరే అబ్బాయ్, తంజావూరు దాకా పోతున్నావు. కుంభకోణం అక్కడికి దగ్గరే. లోపల కళాయి పోయింది, వేయించుకురా. మన వూళ్లో ఇప్పుడు కళాయి వేసేవాడు కనపడ్డం లేదు” అంది.

“మంచిపని. ఇంకో వారం దాకా కాఫీ గొడవ లేదు” అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

తంజావూరులో రెండు రోజులు తాళపత్రాలతో గడిచాయి. మూడోనాడు ఉదయం రైలెక్కాను. కుంభకోణం నలభై కిలోమీటర్లు. దారి పొడుగునా పచ్చటి వరిచేలు, అరటితోటలు, కావేరిలోంచి చీలిపోయిన పిల్లకాలవలు. మా డెల్టాలోంచి వచ్చినవాడికి పరాయిదేశం వచ్చినట్టే అనిపించదు. రైలు దిగాక బోర్డులమీది లిపి చూస్తేనే ఆ సంగతి గుర్తొస్తుంది.

వూరికి ఒక పక్క కావేరి, మరో పక్క అరసలారు. ఎటు తిరిగినా గోపురాలే. శార్ఙ్గపాణి కోవెల గోపురం మెడ రిక్కించి చూడవలసిందే. రామస్వామి ఆలయం మన రఘునాథ నాయకుడి కాలంలో కట్టినది. మహామహం కోనేటి చుట్టూ పదహారు మండపాలు. వాటిని కట్టించినవాడు తంజావూరు నాయకుల మంత్రి గోవింద దీక్షితులు. కడపటి మహామహం 2016లో జరిగింది, మళ్లీ 2028లో వస్తుంది. నేను వెళ్లిననాడు కోనేటి మెట్లమీద నలుగురు కుర్రాళ్లూ, ఒక మేకా తప్ప ఎవరూ లేరు. నీళ్లు కదలకుండా వున్నాయి. నలభై అయిదేళ్ల కిందట ఇక్కడే, ఆ జనసముద్రంలో, నాన్న అమ్మ చెయ్యి విడవకుండా పట్టుకుని మునిగివుంటాడు గదా అనుకుని కాసేపు నిలబడ్డాను.

వూరికి ఆ పేరు రావడానికి స్థలపురాణం వుంది. ప్రళయకాలంలో సృష్టిబీజాలూ అమృతమూ నింపిన కుంభం ఒకటి నీళ్లమీద తేలుతూ వచ్చి ఇక్కడ ఆగిందట. శివుడు బాణం వేసి దాన్ని పగలగొడితే అమృతం కోనేట్లో చేరిందట. గిన్నె పేరుతో పుట్టిన వూరు గిన్నెలు అమ్ముకుని బతకడంలో ఆశ్చర్యమేముంది! కుంభేశ్వరుడి గుడికి పోయే దారిలో కొట్లే కొట్లు. బిందెలు, దీపపు సెమ్మెలు, గంటలు, డబరా గ్లాసుల జోళ్లు.

ముందుగా ఒక హోటల్లో కాఫీ తాగాను. తమిళనాడు రోడ్లమీద ప్రయాణం చేసినవారందరికీ “కుంభకోణం డిగ్రీ కాఫీ” అనే బోర్డులు పరిచయమే. ఆ డిగ్రీ ఏమిటని సర్వరును అడిగితే, పాల చిక్కదనం కొలిచే గాజుగొట్టం మీది డిగ్రీ అన్నాడు. నీళ్లు కలపని పాలతో కలిపిన కాఫీ అన్నమాట. పక్క బల్లమీది పెద్దమనిషి ఒప్పుకోలేదు. మొదటిసారి దిగిన డికాక్షను మొదటి డిగ్రీ, ఆ పొడిలోనే మళ్లీ నీళ్లు పోసి దింపినది రెండో డిగ్రీ అన్నాడు. చికోరీ అనే మాటే జనం నోట్లో నలిగి డిగ్రీ అయిందని ఇంకొకాయన. నేను డిగ్రీలు రెండు సంపాదించినవాణ్ణే గాని ఈ డిగ్రీ విషయంలో తీర్పు చెప్పలేక, గ్లాసులోది డబరాలోకీ డబరాలోది గ్లాసులోకీ నురుగొచ్చేలా తిరగబోసి తాగేశాను. ఆ గుటక గొంతు దిగుతూ వుండగా మా ఇంటి కాఫీ తలపుకొచ్చింది. అమ్మ మాట అబద్ధం కాదు. మాది నీళ్లలాగే వుంటుంది.

పాత్రల బజారులో నాలుగు కొట్లు చూసి, అయిదో కొట్లో కూర్చున్న ముసలాయన దగ్గర ఆగాను. నా అరవం విని ఆయన జాలిపడి, “తెలుగువారా సార్? తెలుగులోనే చెప్పండి. మా ఇంట్లో తెలుగే. రాసేది చదివేదే అరవం” అన్నాడు. ఎన్ని తరాల కిందట ఏ వూరినుంచి వచ్చారో ఆయనకే తెలియదట. మాట మాత్రం మిగిలింది.

సంచిలోంచి ఫిల్టరు తీసి ఇచ్చాను. ఆయన పై గిన్నెను కింద గిన్నెలోంచి ఊడదీసి, అటూ యిటూ తిప్పి, వీధిలోకి వచ్చి ఎండకేసి ఎత్తిపట్టాడు.

“చూడండి సార్” అన్నాడు.

చూశాను. అడుగున వున్న చిన్న చిన్న బెజ్జాల్లోంచి ఆకాశం చుక్కలు చుక్కలుగా కనపడాలి. సగం చోట చుక్కలే లేవు. మిగతా సగంలో ఒకటి ఆవగింజంత, ఒకటి మిరియమంత.

“దీన్ని పొయ్యిమీద కాల్చినారు” అన్నాడు. నిజమే. బెజ్జాలు పూడుకుపోతే మంటమీద బోర్లించి కాల్చడం మా తాతగారింటి వైద్యం. కళాయి అంటే తగరపు పూత. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. మంటమీద పెడితే ఆ కరిగిన తగరం జారి బెజ్జాలనే మూసేస్తుంది. స్టీలు గిన్నె అడుగును కాల్చినా ఫరవాలేదు గాని, కళాయి ఇత్తడిని కాల్చకూడదు. మూసుకుపోయిన బెజ్జాలను మళ్లీ ఎవరో దబ్బనంతో పొడిచారు. దాంతో అవి పెద్దవయ్యాయి. నీళ్లు ఆ పెద్ద బెజ్జాల దారినే పరుగెత్తుతాయి. పొడి అంతా తడిసేలోపలే కిందికి దిగిపోతాయి.

ఇదీ మా డికాక్షను కథ అనుకున్నాను. కాని ముసలాయన విచారణ ముగియలేదు.

“మీ ఇంట్లో తాగేవాళ్లు ఎందరు సార్?”

“మా ఇంట్లోనా? మేం...” అని ఆగాను. నోటిమీదికి పదకొండు అని వచ్చింది. తాతగారు, నాయనమ్మ, ముగ్గురు బాబాయిలు, పిన్నమ్మలు... వాళ్లలో కొందరు పోయారు, కొందరు హైదరాబాదు చేరారు, ఒకరు అమెరికాలో వున్నారు. తమ్ముడు బెంగుళూరులో. మా అబ్బాయి ఈ ఏడే హాస్టలుకు వెళ్లాడు. మనసులో ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వచ్చి, “ముగ్గురం” అన్నాను. ఆ లెక్క చెప్పడానికి నాకు కాస్త సమయమే పట్టింది.

“ముగ్గురికి ఇదెందుకు సార్? దీంట్లో మూడు చెంచాలు వేస్తే అడుగే నిండదు” అన్నాడాయన.

అప్పుడు ఫిల్టరు సూత్రం విప్పి చెప్పాడు. డికాక్షను చిక్కదనం పొడి మందంలో వుంది. పై గిన్నెలో మూడోవంతుకు తక్కువ కాకుండా పొడి వుంటేనే నీళ్లు దాని గుండా నెమ్మదిగా నానుతూ దిగుతాయి. వెడల్పాటి గిన్నెలో పొడి పలచగా పరిస్తే, పైన పెట్టే గొడుగు బిళ్ళ ఒక పక్క ఆనుతుంది, ఇంకో పక్క ఆనదు. నీళ్లు సందు చూసుకుని జారిపోతాయి. పొడి ఇంకా కుమ్మరిస్తే డబ్బు దండగ. కనుక ఫిల్టరు కొనేటప్పుడు గిన్నె అందం కాదు చూడవలసింది, ఇంట్లో మనుషుల లెక్క. పండక్కి వచ్చేవారి లెక్క కాదు. రోజూ పొద్దున్న లేచేవారి లెక్క.

ఇత్తడి మంచిదా, స్టీలు మంచిదా అని అడిగాను. ఇత్తడి అమ్ముకునే ఆయన నోట ఈ జవాబు వస్తుందనుకోలేదు. “కళాయి వేసేవాడున్న వూళ్లో ఇత్తడి కొనండి. లేని వూళ్లో స్టీలు కొనండి. రుచి బెజ్జాల్లో వుంది సార్, లోహంలో లేదు.” ఇత్తడి అంటే రాగీ తుత్తునాగమూ కలిసినది. కాఫీకి పులుపు గుణం వుంది. తగరం పూత చెరిగి పచ్చటి ఇత్తడి బయటపడితే అందులో డికాక్షను దింపకూడదు. స్టీలుకు ఆ బెడద లేదు.

ఆయన ఎలా ఎంచాడో పాఠకులకు పనికొస్తుందని రాస్తున్నాను. పై గిన్నెను వెలుతురుకేసి పట్టి చూడాలి. బెజ్జాలు సన్నగా, ఒకే తీరున, దగ్గరదగ్గరగా వుండాలి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు. పై గిన్నె కింద గిన్నెలో కుదురుగా కూర్చోవాలి, వూగకూడదు. గొడుగు బిళ్ళ గిన్నె అంచులకు తగిలీ తగలనట్టు లోపలికి దిగాలి. పొడి లేకుండా వుట్టి నీళ్లు పోసి చూస్తే అన్ని బెజ్జాల్లోంచీ వానచినుకుల్లా సమంగా పడాలి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన చిన్న స్టీలు ఫిల్టరు ఒకటి తీసుకున్నాను. నా దోసిట్లో ఇమిడిపోయింది.

పాతదాన్ని ఏం చేయమంటారన్నాడు. పారేయడానికి మనసొప్పలేదు. పక్క సందులో కళాయి వేసే అతని దగ్గరికి పంపాడు. మా చిన్నప్పుడు వీధి అరుగు పక్కన గుంట తవ్వి, తిత్తి వూదుతూ కళాయి వేసే మనిషి చుట్టూ మేం పిల్లలం మూగేవాళ్లం. ఆ దృశ్యం మళ్లీ ఇక్కడ కనపడింది. గిన్నెను నిప్పులమీద తిప్పుతూ, నవాసారం చల్లి, తెల్లటి పొగ లేవగానే తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క చుట్టు తుడిచాడు. పచ్చటి ఇత్తడి చూస్తూ వుండగానే వెండి అయింది. ముందుగానే పూడిన బెజ్జాలు తెరిచి, పెద్దవైనవాటిలో కొన్నిటిని పూడ్చి సరిచేశాడు. “పది పదిహేనుమందికైతే బాగా దిగుతుంది” అన్నాడు తిరిగి ఇస్తూ.

రాత్రి మద్రాసు రైల్లో పై బెర్తుమీద రెండు ఫిల్టర్లనూ తలాపున పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. బెంగుళూరులో మా తమ్ముడు ఒక్కడే వుంటాడు. వాడిది కాగితం ఫిల్టరు. గాజు గిన్నెమీద గరాటా, గరాటాలో కాగితం, కాగితంలో పొడి. ఆ పద్ధతికి ఆద్యురాలు మెలిట్టా బెంట్జ్ అనే జర్మను గృహిణి. 1908లో డ్రెస్డెను నగరంలో, కాఫీలో మడ్డి తగులుతోందని విసిగి, ఇత్తడి గిన్నెకు మేకుతో బెజ్జాలు పొడిచి, కొడుకు పుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి వడగట్టిందట. ఇల్లాలి విసుగులోంచి ఒక పెద్ద వ్యాపారమే పుట్టింది! కాగితానికీ సైజు నంబర్లున్నాయి. ఒకరిద్దరికి చిన్నది, నలుగురికి పెద్దది. కుట్టు అంచులు మడిచి, ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోస్తే కాగితపు వాసన పోతుంది. కాఫీలో వుండే నూనెను కాగితం చాలావరకు పట్టేస్తుంది. కొలెస్టరాలు పెంచే పదార్థాలు ఆ నూనెలోనే వుంటాయి గనుక డాక్టరు హెచ్చరించినవారికి కాగితమే మేలు. లోహపు ఫిల్టరు ఆ నూనెను దిగనిస్తుంది. మన కాఫీ నిండుదనంలో దాని పాలూ వుంది. ఏది ఎంచినా ముసలాయన ప్రశ్నే ముందు నిలుస్తుంది. తాగేవాళ్లు ఎందరు?

ఇంటికి చేరగానే అమ్మ సంచి విప్పింది. ముందు పెద్దదాన్ని తీసి, లోపల చెయ్యిపెట్టి తడిమి, మురిసిపోయింది. తరువాత చిన్నదాన్ని తీసింది.

“ఇదేమిట్రా, స్టీలుది! దీనికోసం కుంభకోణం దాకా వెళ్లాలా? మన తెనాలి బజార్లో దొరకదూ?”

దొరుకుతుంది. నిజమే. నేను ముసలాయన చెప్పినదంతా అప్పజెప్పాను, ముగ్గురి లెక్కతో సహా. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. నేరం పొయ్యిదీ దబ్బనానిదీ పలచటి పొడిదీ అని తేలేసరికి ఆమె ఏమీ అనలేదు. గిన్నెలు కూడా ఏమీ అనలేదు.

మర్నాడు ఉదయం నేనే కాచాను. తడి లేని పై గిన్నెలో మూడు పెద్ద చెంచాల పొడి. నూటికి ఎనభైపాళ్లు కాఫీ, ఇరవైపాళ్లు చికోరీ. చికోరీ నీళ్లను పట్టి ఆపుతుంది, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. శ్రుతి మించితే కాఫీని మింగేస్తుంది. అందుకే మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గకూడదని మనదేశంలో నిబంధన. పాకెట్టుమీద చదివి కొనుక్కోవాలి. గిన్నెను ఒకసారి తట్టి పొడి సమం చేసి, బిళ్ళతో మెల్లగా అదిమి, బిళ్ళను అలాగే వుంచాను. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. మరిగి దించిన నీళ్లు ముందు పొడి తడిసేటంత పోసి, అర నిమిషం ఆగి, తక్కినవి చుట్టూ తిప్పి పోసి మూత పెట్టాను. ఇక చేయవలసింది ఏమీ చేయకుండా వుండడమే. తొందరపడి గిన్నెను కొడితే మడ్డి దిగుతుంది. ఇరవై నిమిషాలు చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు వింటూ ముగ్గురం వంటింట్లోనే కూర్చున్నాం. మూడు గ్లాసులకు సరిపడా నల్లగా, నిగనిగలాడుతూ దిగింది.

అమ్మ ఒక గుటక వేసింది. గ్లాసు కింద పెట్టలేదు. ఇంకో గుటక వేసింది. చాలాసేపటికి, ఫిల్టరుకేసి చూస్తూ, “ఇంత చిన్నదాంట్లో రెండో డికాక్షనుకి చోటేదిరా?” అంది.

“రెండోది ఎవరికమ్మా?”

“ఎవరికేమిటి, నాకే. మీ తాతగారింట్లో మొదటిది మగవాళ్లకీ, మీ నాయనమ్మకీ, వచ్చినవాళ్లకీ సరిపోయేది. పెద్దకోడలిని గదా, అందరికీ ఇచ్చి, ఆ పొడిలోనే మళ్లీ నీళ్లు పోసి దింపుకునేదాన్ని. ముప్పయ్యేళ్లు పైగా అదే తాగాను. మొదటిదాని వాసనే తెలుసు నాకు. ఇక్కడికి వచ్చాక ఇన్నాళ్లకు మొదటిది నా చేతికొచ్చింది గదా అనుకుని తాగితే, అదీ రెండోదిలాగే వుండేది. అదే అనేదాన్ని. నిన్ను అన్నది కాదమ్మాయ్.”

మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. అమ్మ చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని, తన గ్లాసులో మిగిలిన సగం అందులో పోసి ఇచ్చింది.

సంక్రాంతికి మా అబ్బాయీ, తమ్ముడూ, బాబాయిల పిల్లలూ వచ్చినప్పుడు అటకమీంచి పెద్దదాన్ని దింపాం. పధ్నాలుగుమందికి బాగా దిగింది. అమ్మకు మాత్రం చిన్నదాంట్లో విడిగా దింపి, అందరికంటే ముందుగా ఇచ్చింది మా ఆవిడ.